ఎవరి కాలం ప్రమాణం? కంప్యూటర్ గడియారాల సమన్వయ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్లన్నీ ఒకే సమయాన్ని చూపడం సహజంగా జరిగే విషయం కాదు. దాని వెనుక నాలుగు దశాబ్దాలకు పైబడిన పరిశోధన, ప్రయోగం, స్వచ్ఛంద శ్రమ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో గడియారాలను సరిచేసే 'నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్' (ఎన్‌టీపీ) పుట్టుక, పరిణామం, అది ఎదుర్కొన్న సంక్షోభాలు, భారతదేశంలో దానికి ఏర్పడిన చట్టసంబంధమైన ప్రాధాన్యం ఈ వ్యాసంలో చర్చకు వస్తాయి. కాలసమన్వయంలో అసలు సమస్య సూక్ష్మమైన కొలత ఒక్కటే కాదని, ఎవరు చెప్పిన సమయాన్ని నమ్మాలన్నదే దాని చరిత్రను నడిపించిన ప్రశ్న అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాలసమన్వయం, ఎన్‌టీపీ, డేవిడ్ మిల్స్, కాలముద్ర, సమన్విత విశ్వకాలం, భారత ప్రామాణిక కాలం, మద్రాసు కాలం.

1. ఉపోద్ఘాతం:

బ్యాంకు లావాదేవీ, రైలు టికెట్ రిజర్వేషన్, విశ్వవిద్యాలయ దరఖాస్తు గడువు, ఫోన్ సంభాషణ నమోదు - వీటన్నిటికీ ఒక కాలముద్ర ఉంటుంది. ఆ ముద్ర వేసేది ఏదో ఒక కంప్యూటర్‌లోని గడియారం. గడియారం తప్పితే నమోదైన విషయం నిజమే అయినా దాని క్రమం అబద్ధమవుతుంది. నేర పరిశోధనలో ఇది మరింత తీవ్రమైన విషయం. ఇంటర్నెట్ సేవాసంస్థలు ఒకే ఐపీ చిరునామాను అనేకమంది చందాదారులకు పంచి ఇస్తున్న ఈ రోజుల్లో, ఫలానా క్షణంలో ఆ చిరునామాను వాడినవారెవరు అన్న ప్రశ్నకు సమాధానం కాలముద్ర మీదే ఆధారపడుతుంది. గడియారాల మధ్య కొద్ది సెకన్ల తేడా వచ్చినా అనుమానం నిర్దోషి వైపు మళ్ళవచ్చు.

లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన పత్రంలో దీని సైద్ధాంతిక పార్శ్వాన్ని చర్చించాడు. వేర్వేరు చోట్ల ఉన్న యంత్రాలలో జరిగే సంఘటనలలో ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించడం అంత సులభం కాదని, యంత్రాల మధ్య నడిచే సందేశాల ఆధారంగానే ఆ క్రమాన్ని కొంతమేరకు స్థాపించగలమని ఆయన చూపించాడు. అయితే లోకవ్యవహారానికి క్రమం ఒక్కటే చాలదు. న్యాయస్థానానికి, బ్యాంకుకు, ప్రయాణికునికి వాస్తవమైన గడియారపు సమయం కావాలి. ఆ అవసరాన్ని తీర్చే ప్రయత్నమే ఎన్‌టీపీ చరిత్ర.

2. పూర్వరంగం - తంతి మోసిన కాలం:

దూరాన ఉన్న గడియారాలను ఒక్కటి చేయవలసిన అవసరం కంప్యూటర్లతో మొదలైనది కాదు. రైలు, తంతి వచ్చిన 19వ శతాబ్దంలోనే అది సామాజిక సమస్య అయింది. అంతకుముందు ప్రతి ఊరికీ తన మధ్యాహ్నమే ప్రమాణం. ఊరి సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ ఊరికి పన్నెండు గంటలు. కాలినడకకు, ఎడ్లబండికి ఈ తేడాలు అడ్డురాలేదు. రైలు రాకపోకల పట్టికకు మాత్రం అడ్డువచ్చాయి.

1792లో ఏర్పడిన మద్రాసు వేధశాల ఈ చరిత్రలో ముఖ్యమైన స్థానం వహించింది. అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు రేఖాంశాన్ని నిర్ధారించాడు. దాని ప్రకారం మద్రాసు కాలం గ్రీనిచ్ కాలం కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. కలకత్తా, బొంబాయి కాలాలకు నడిమధ్యగా ఉండటం వల్ల 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో భారతీయ రైల్వేలు మద్రాసు కాలాన్నే స్వీకరించాయి. వేధశాల నుంచి తంతి ద్వారా వెళ్ళే సంకేతాన్ని అనుసరించి స్టేషన్లలో గడియారాలను సరిచేసేవారు. నాటి తెలుగు జిల్లాల రైల్వేస్టేషన్లు కూడా ఆ కాలాన్నే పాటించాయి. 1906 జనవరి 1న 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినప్పుడు మద్రాసు కాలాన్ని అనుసరించిన గడియారాలు దాదాపు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. కలకత్తా, బొంబాయి నగరాలు తమ స్థానిక కాలాలను ఆ తరువాత కూడా చాలాకాలం వదులుకోలేదు.

ఈ తంతి వ్యవస్థలో రెండు లక్షణాలను గమనించాలి. మొదటిది, సంకేతం ఒకే దిశలో ప్రయాణించేది. తంతి మీద దాని ప్రయాణకాలం మనిషి చేతితో ముల్లు తిప్పే పనికి లెక్కలోకి రానంత స్వల్పం. రెండవది, ప్రమాణం ఒక్కటే. వేధశాల చెప్పింది నిజం. స్టేషన్ మాస్టరు పని వినడం, సరిచేసుకోవడం. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఈ రెండు ఆధారాలూ నిలవలేదు.

3. కంప్యూటర్ గడియారం ఎందుకు తప్పుతుంది?

కంప్యూటర్‌లో కాలాన్ని లెక్కించేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. విద్యుత్తు ఇచ్చినప్పుడు అది నిర్ణీత పౌనఃపున్యంతో కంపిస్తుంది. చేతి గడియారాలలోనూ, కంప్యూటర్‌ను ఆపివేసినా నడిచే గడియారంలోనూ సాధారణంగా వాడే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కించి యంత్రం సెకన్లను పోగు చేస్తుంది.

స్ఫటికం కోత, వయస్సు, ముఖ్యంగా ఉష్ణోగ్రత దాని వేగాన్ని కొద్దిగా మారుస్తాయి. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే రోజుకు 86.4 మిల్లీసెకన్ల దోషం వస్తుంది. పది లక్షల్లో ఇరవై వంతులైతే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్లకు పైగా తేడా పేరుకుంటుంది. అందువల్ల గడియారాన్ని ఒక్కసారి సరిచేసి వదిలివేయడం కుదరదు. ఎంత తప్పిందో తెలుసుకోవడంతో పాటు ఏ వేగంతో తప్పుతున్నదో కూడా నిరంతరం గమనించాలి. ఈ రెండవ గమనికే ఎన్‌టీపీని అంతకు ముందున్న సాధారణ పద్ధతుల నుంచి వేరుచేసింది.

4. డేవిడ్ మిల్స్ తొలి ప్రయోగాలు:

ఎన్‌టీపీ రూపశిల్పి డేవిడ్ ఎల్. మిల్స్ (1938-2024). ఆయన పుట్టుకతోనే గ్లాకోమా వ్యాధిగ్రస్తుడు. చూపు అంతంతమాత్రం, చివరి సంవత్సరాలలో అదీ పోయింది. 1971లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, 1977లో కామ్‌శాట్ సంస్థలో చేరాడు. తరువాత డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా సుదీర్ఘకాలం పనిచేశాడు.

కామ్‌శాట్‌లో ఉన్నప్పుడు ఆయన 'ఫజ్‌బాల్' అన్న పేరుతో చిన్న కంప్యూటర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించాడు. నెట్‌వర్క్ జాప్యాలను కొలవాలంటే రెండు చివరల గడియారాలు ఏకీభవించాలి. అంటే కాలసమన్వయం ఆయనకు మొదట గమ్యం కాదు, మరో పనికి కావలసిన పనిముట్టు. 1981 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 778 అనే పత్రంలో ఇంటర్నెట్ గడియార సేవను వివరించాడు. 1985 సెప్టెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 958 ద్వారా ఎన్‌టీపీ అన్న పేరు స్థిరపడింది. 1986లో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ తొలి వెన్నెముక వ్యవస్థను సెకనుకు 56 కిలోబిట్ల వేగంతో నడిపినవి కూడా ఫజ్‌బాల్ యంత్రాలే.

ఆనాటి ప్రయోగాలలో బయటపడిన ఒక విషయం ఈ వ్యాసానికి కీలకం. అప్పటి యంత్రాలలో కొన్ని విద్యుత్ గ్రిడ్ పౌనఃపున్యం ఆధారంగా కాలాన్ని లెక్కించేవి. గ్రిడ్ మీద భారం పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. ఫలితంగా ఒకే గ్రిడ్ మీద ఉన్న గడియారాలన్నీ కలిసికట్టుగా సెకన్ల మేరకు అటూ ఇటూ ఊగేవి. వాటిలో అవి ఏకీభవిస్తాయి. అయినా అన్నీ తప్పే. ఏకాభిప్రాయం సత్యానికి గుర్తు కావాలంటే సాక్షులు పరస్పర స్వతంత్రులై ఉండాలన్న పాఠం దీని నుంచి గ్రహించవలసి ఉంది.

5. నాలుగు కాలముద్రల గణితం:

తంతి సంకేతంలో విస్మరించిన ప్రయాణకాలాన్ని ఎన్‌టీపీ లెక్కలోకి తీసుకుంటుంది. సమయం అడిగే యంత్రం తన ప్రశ్న పంపిన క్షణాన్ని నమోదు చేస్తుంది. సర్వర్ ఆ ప్రశ్న అందిన క్షణాన్ని, సమాధానం పంపిన క్షణాన్ని తన గడియారం ప్రకారం రాసి పంపుతుంది. సమాధానం అందిన క్షణాన్ని అడిగిన యంత్రం మళ్ళీ నమోదు చేస్తుంది. ఇలా నాలుగు కాలముద్రలు లభిస్తాయి.

ఉదాహరణకు, ప్రశ్న పంపినప్పుడు మన గడియారంలో సరిగ్గా 10 గంటలు అనుకుందాం. సర్వర్‌కు అది తన గడియారం ప్రకారం 10 గంటల 150 మిల్లీసెకన్లకు అందింది. 160 వద్ద సమాధానం బయలుదేరింది. మన గడియారంలో 110 వద్ద అది చేరింది. మొత్తం పట్టిన 110 మిల్లీసెకన్లలో సర్వర్ దగ్గర గడిచిన 10 తీసివేస్తే రానుపోను ప్రయాణం 100 మిల్లీసెకన్లు. వెళ్ళేటప్పుడు కనిపించిన తేడా 150, తిరుగు ప్రయాణంలో కనిపించిన తేడా 50. వీటి సగటు 100. అంటే మన గడియారం 100 మిల్లీసెకన్లు వెనుకబడి ఉంది.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది - వెళ్ళడానికీ రావడానికీ సమానకాలం పట్టిందన్నది. నెట్‌వర్క్‌లో అది ప్రతిసారీ నిజం కాదు. వెళ్ళేటప్పుడే మొత్తం 100 మిల్లీసెకన్లు పట్టి ఉంటే మన గడియారం అసలు వెనుకబాటు 50 మాత్రమే. దోషం ఎంత పెరిగినా రానుపోను ప్రయాణకాలంలో సగాన్ని మించదన్న హామీ మాత్రం ఉంది. అందుకే ఎన్‌టీపీ అనేక నమూనాలు సేకరించి, వాటిలో తక్కువ జాప్యం ఉన్నవాటికి ఎక్కువ విలువ ఇస్తుంది. తేడా చిన్నదైతే గడియారాన్ని ఒక్కసారిగా దూకించక, దాని వేగాన్ని కొద్దిగా పెంచి లేదా తగ్గించి దారికి తెస్తుంది. సాధారణ అమరికలో 128 మిల్లీసెకన్లు దాటితేనే దూకుడు. కాలం వెనక్కి నడిస్తే నమోదుల క్రమం చెడుతుందన్నది ఈ జాగ్రత్తకు కారణం.

6. సాక్షుల ఎంపిక:

ఎన్‌టీపీ గడియారాలను అంతస్తులుగా విభజించింది. పరమాణు గడియారం, ఉపగ్రహ సంకేత గ్రాహకం వంటి మూలాలు సున్నా అంతస్తు. వాటికి నేరుగా కలిసిన సర్వర్లు మొదటి అంతస్తు; వాటిని అడిగి తెలుసుకునేవి రెండవది. ఇలా 15 వరకు సాగుతుంది. 16 అంటే సమన్వయం లేని యంత్రమని అర్థం. అంతస్తు మూలానికి ఎంత దూరమో చెబుతుందే కానీ, చెప్పిన సమయం నిజమని హామీ ఇవ్వదు. మొదటి అంతస్తు సర్వర్ కూడా తప్పు చెప్పవచ్చు.

1988లో తొలి అధికారిక సంచిక, 1989లో రెండవ సంచిక వెలువడ్డాయి. రెండవ సంచికలో రహస్యకీలకం ద్వారా సర్వర్‌ను ధ్రువీకరించే ఏర్పాటు చేరింది. అదే కాలంలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వేరొక కాలసేవను ప్రతిపాదించింది. దానికి ఆధారం కీత్ మార్జుల్లో 1984లో స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన పరిశోధన. ప్రతి గడియారం ఒకే అంకె కాక, సరైన సమయం ఈ అవధిలో ఉంటుందని ఒక వ్యవధిని చెప్పాలి. అత్యధిక సంఖ్యలో వ్యవధులు ఖండించుకునే చోట సత్యం ఉంటుందన్నది దాని సారాంశం. మిల్స్ ఈ భావనను సవరించి 1992 నాటి మూడవ సంచికలో చేర్చుకున్నాడు. పోటీగా వచ్చిన సిద్ధాంతం లోపలి బలంగా మారింది. 2010లో వచ్చిన నాల్గవ సంచిక నేటికీ వాడుకలో ఉంది.

ఈ పద్ధతిలో మెజారిటీతో పొసగని గడియారాన్ని 'ఫాల్స్‌టిక్కర్', అంటే అబద్ధపు గడియారం అంటారు. ఒకే సర్వర్‌ను అడిగితే అది చెప్పిందే వేదం. ఇద్దరు విభేదిస్తే తేల్చేవారు లేరు. ముగ్గురుంటే ఒకరి అబద్ధాన్ని పట్టుకోవచ్చు. ఒక సర్వర్ ఆగిపోయినా ఈ రక్షణ నిలవాలంటే నలుగురు కావాలి. కనీసం నాలుగు మూలాలు వాడాలన్న సలహాకు కారణం ఇదే.

7. మూలకాలం కూడా సమిష్టి నిర్మాణమే:

సున్నా అంతస్తులో అయినా తిరుగులేని గడియారం ఒకటి ఉందా? 1967లో సీజియం-133 పరమాణువు 9,192,631,770 కంపన వ్యవధులను ఒక సెకనుగా నిర్వచించారు. ఆ సెకను ఆధారంగా సమన్విత విశ్వకాలాన్ని నిర్ణయించేది ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ. ఆ సంస్థ అనేక దేశాల ప్రయోగశాలలలోని వందలాది పరమాణు గడియారాల పాఠాలకు స్థిరత్వాన్ని బట్టి విలువ కట్టి సగటు తీస్తుంది. ఏ ప్రయోగశాల ఎంత తేడాతో నడిచిందో తరువాత ప్రకటిస్తుంది. అంటే లోకానికి ప్రమాణమైన కాలం ఏ గోడ మీదా వేలాడదు. అది లెక్కలో మాత్రమే ఉంటుంది. ఎన్‌టీపీ కింది అంతస్తులలో చేస్తున్న పనినే ఈ సంస్థ శిఖరాన చేస్తున్నది.

భూభ్రమణం పరమాణు గడియారమంత సమంగా సాగదు. ఆ తేడా సర్దడానికి 1972 నుంచి 2016 చివరి వరకు 27 అధిక సెకన్లను చేర్చారు. పంచాంగంలో అధికమాసం తెలిసినవారికి ఈ భావన కొత్తది కాదు. అయితే అధికమాసం గణితం ద్వారా ముందే తెలుస్తుంది, అధిక సెకనును పరిశీలన ద్వారా కొద్ది నెలల ముందు మాత్రమే ప్రకటిస్తారు. మన దేశంలో 2012 జులై 1 ఉదయం 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తరువాత 60వ సెకను వచ్చినప్పుడు ప్రపంచవ్యాప్తంగా అనేక లినక్స్ సర్వర్లు స్తంభించాయి. ఇటువంటి ఇబ్బందుల వల్లనే 2035 నాటికి ఈ సర్దుబాటు విధానాన్ని మార్చాలని 2022 నవంబర్‌లో తూనికలు, కొలతల సర్వసభ్య సమావేశం తీర్మానించింది.

8. విశ్వాసం దెబ్బతిన్న సందర్భాలు:

2003లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ సర్వర్‌కు కాలం అడిగే ప్రశ్నలు వరదలా వచ్చాయి. నెట్‌గేర్ సంస్థ తయారుచేసిన కొన్ని రకాల రౌటర్లలో ఆ విశ్వవిద్యాలయ సర్వర్ చిరునామాను శాశ్వతంగా రాసి ఉంచడం, సమాధానం రాకపోతే ప్రతి సెకనుకూ మళ్ళీ అడిగేలా చేయడం దీనికి కారణాలు. ఆ ఏడాది జూన్ నాటికి సెకనుకు 2,50,000 ప్యాకెట్లు వచ్చాయి. ప్రజాసేవగా తెరిచి ఉంచిన సర్వర్ వాణిజ్య పరికరాల భారాన్ని మోయవలసి వచ్చింది. ఉచిత సర్వర్లపై ఇటువంటి ఒత్తిడిని పంచుకోవడానికి అదే సంవత్సరం 'ఎన్‌టీపీ పూల్' అనే స్వచ్ఛంద వ్యవస్థ మొదలైంది.

2012 నవంబర్ 19న అమెరికా నౌకాదళ వేధశాలకు చెందిన రెండు సర్వర్లు ఉన్నట్టుండి 2000 సంవత్సరాన్ని ప్రకటించాయి. గంటలోపే లోపాన్ని సరిదిద్దినా, వాటినే నమ్ముకున్న సంస్థల యంత్రాలు పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళి ప్రవేశ ధ్రువీకరణలు, ఫోన్ వ్యవస్థలు దెబ్బతిన్నాయి. స్వతంత్ర మూలాలను కూడా అడిగిన యంత్రాలు ఆ రెంటినీ అబద్ధపు గడియారాలుగా పక్కన పెట్టగలిగాయి. ప్రపంచంలోనే అత్యంత ప్రతిష్ఠ గల కాలసంస్థలలో ఒకటి తప్పు చెప్పినప్పుడు కాపాడినది ప్రతిష్ఠ కాదు, సాక్షుల సంఖ్య.

2014 ఫిబ్రవరిలో దాడిచేసేవారు ఎన్‌టీపీ సర్వర్లలోని ఒక పర్యవేక్షణ ఆదేశాన్ని దుర్వినియోగం చేసి, సెకనుకు సుమారు 400 గిగాబిట్ల ప్రవాహాన్ని లక్ష్యం మీదికి మళ్ళించారు. సందేశాన్ని పంపినది నిజమైన సర్వరేనని ధ్రువీకరించే కొత్త భద్రతా విధానం 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8915గా వచ్చింది. విశ్వాసం ఆధారంగా పుట్టిన వ్యవస్థ ఆధారాలు చూపవలసిన దశకు చేరింది.

9. భారతదేశం - ప్రమాణమూ, సాక్ష్యమూ:

భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు కాలసమన్వయాన్ని సాంకేతిక సలహా స్థాయి నుంచి చట్టబద్ధమైన బాధ్యతగా మార్చాయి. సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, వాణిజ్య సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ యంత్రాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానం చూపగల సర్వర్లతో సమన్వయం చేసుకోవాలని అవి నిర్దేశించాయి. అనేక దేశాలలో పనిచేసే సంస్థలు ఇతర ప్రామాణిక మూలాలను వాడవచ్చు; అయితే ఆ సమయం ఈ రెండు సంస్థల సమయంతో విభేదించకూడదు.

ఇక్కడ రెండు అవసరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. చట్టానికి అనుసంధాన పరంపర కావాలి: ఈ కాలముద్ర ఏ అధికారిక ప్రమాణం నుంచి వచ్చిందో న్యాయస్థానంలో చూపగలగాలి. ఎన్‌టీపీకి స్వతంత్ర సాక్షులు కావాలి: ఏ ఒక్క మూలాన్నీ ప్రశ్నించకుండా అంగీకరించకూడదు. ఆదేశాన్ని అక్షరాలా తీసుకుని ఒకే సర్వర్ చిరునామా రాసి ఊరుకుంటే నిబంధన నెరవేరుతుంది గాని, 2012 నాటి ప్రమాదానికి తలుపు తెరిచి ఉంటుంది. అధికారిక మూలాలను ప్రధానంగా ఉంచి, వాటితో పాటు ఉపగ్రహ గ్రాహకాన్నో, జాతీయ ప్రమాణానికి అనుసంధానం చూపగల ఇతర సర్వర్లనో కలిపి వాడితే రెండు అవసరాలూ తీరుతాయి.

ఉపగ్రహ మార్గం కూడా సందేహాతీతం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి 2013 జులై 1న ప్రయోగించిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ భారత సొంత స్థాననిర్ణయ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం. అందులోని మూడు రుబీడియం గడియారాలూ విఫలమైన విషయం 2017 ఆరంభంలో వెల్లడైంది. గడియారం పోయాక ఉపగ్రహం కక్ష్యలో ఉన్నా స్థానం చెప్పే ప్రధాన కర్తవ్యం నెరవేర్చలేకపోయింది. 2023 మే 29న అక్కడి నుంచే వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో దేశీయంగా తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు. ఒకప్పుడు మద్రాసు వేధశాల తంతి మీద పంపిన కాలాన్ని నేడు అంతరిక్షం నుంచి పంపుతున్నాం. చెప్పేవారిని సరిచూసుకోవలసిన అవసరం మాత్రం తగ్గలేదు.

10. ముగింపు:

- తంతి యుగంలో కాలం ఒక కేంద్రం నుంచి జారీ అయిన ఆజ్ఞ. ఎన్‌టీపీ దానిని పలువురు సాక్షుల వాఙ్మూలాలను తూచి ఇచ్చే తీర్పుగా మార్చింది.
- కాలముద్రల గణితం జాప్యాన్ని లెక్కకు తెచ్చింది. అయితే ఎన్‌టీపీని దృఢంగా నిలిపినది అబద్ధపు గడియారాలను గుర్తించే పద్ధతి.
- సాక్షుల సంఖ్యతో పాటు వారి స్వాతంత్ర్యం ముఖ్యమని విద్యుత్ గ్రిడ్ అనుభవం, నౌకాదళ వేధశాల ఘటన తెలియజేస్తున్నాయి.
- ప్రపంచ వ్యవహారాలను నడిపే ఈ వ్యవస్థలో చాలా భాగం విశ్వవిద్యాలయాల, స్వచ్ఛంద సేవకుల ఔదార్యం మీద ఆధారపడి ఉంది. దానిని ఉచితంగా వాడుకునే సంస్థలు ఆ భారంలో భాగం పంచుకోవాలి.
- భారతదేశంలో చట్టం కోరే అధికారిక అనుసంధానాన్ని, శాస్త్రం కోరే బహుళసాక్ష్యాన్ని కలిపి అమలుచేసినప్పుడే కాలముద్ర నిజమైన సాక్ష్యంగా నిలుస్తుంది. అప్పుడే దాని ఆధారంగా ఒక మనిషిని దోషి అనడానికైనా, నిర్దోషి అనడానికైనా తగిన బలం చేకూరుతుంది.